చెంబులో ఏరు

ఆ రోజు నేను చేసిన తప్పును ఒక్క వాక్యంలో చెప్పొచ్చు. రెండున్నరేళ్ల పిల్ల సరిగ్గా చెప్పిన జవాబును తప్పనుకుని, పదిమందిలో నవ్వాను. ఆ నవ్వు ఒక్కటే అయితే ఇన్నేళ్ల తర్వాత కూర్చుని రాసేవాణ్ణి కాదేమో. గంట గడవకముందే నా పొరపాటు నాకు తెలిసింది. తెలిశాక చేసిన పని నవ్వుకంటే పెద్ద తప్పు. కొత్తగా టీచర్లుగా, అంగన్‌వాడీ కార్యకర్తలుగా, సూపర్‌వైజర్లుగా అడవి ఊళ్లకు వెళ్తున్నవాళ్లు చదువుతారని ఇది రాస్తున్నాను. నా తర్వాత వచ్చినవాళ్లకు శిక్షణ ఇచ్చే రోజుల్లో ఎన్నో సంగతులు చెప్పాను గానీ, ఇది మాత్రం చాలాసార్లు దాటేశాను.

రెండువేల సంవత్సరం దాటి కొన్నేళ్లయింది. అప్పటికింకా జిల్లా విడిపోలేదు, అంతా ఖమ్మమే. నేను ప్రైమరీ స్కూలు టీచర్ని. బడి పని నుంచి తప్పించి నన్ను మండల రిసోర్స్ పర్సన్‌గా వేశారు. ఎమ్మార్పీ అనేవాళ్లు. ఊరూరా తిరిగి టీచర్లకు సలహాలు ఇవ్వాలి, కార్డులు నింపాలి, నెలకోసారి మీటింగులో లెక్క చెప్పాలి. ములకలపల్లి దాటి అడవిలోకి వెళ్లే దారిలో ఉన్న కోయగూడేలు నా వంతుకు వచ్చాయి. అంతకుముందు ఆ చుట్టుపక్కల బడుల్లోనే పదకొండేళ్లు పనిచేశాను కాబట్టి ఆ పనికి నాకంటే తగినవాడు లేడని నేనూ అనుకున్నాను, పై వాళ్లూ అనుకున్నారు.

ఆ ఏడాది కొత్తగా ఒక పని మొదలైంది. అంగన్‌వాడీ సెంటరు దూరంగా ఉన్న గూడేల్లో రెండు మూడేళ్ల పిల్లలకు ఇంట్లోనే తల్లులచేత నేర్పించాలి. మేం దాన్ని ఇంటిబడి అనేవాళ్లం. ఎంపిక చేసిన ఇంటికి ఒక సంచీ ఇస్తాం. అందులో బొమ్మల కార్డులు, రంగు వేసిన చెక్క దిమ్మెలు, దారానికి గుచ్చే పెద్ద పూసలు ఉంటాయి. రోజూ కాసేపు తల్లి పిల్లను కూర్చోబెట్టుకుని ఆడిస్తూ మాటలు చెప్పించాలి. పదిహేను రోజులకోసారి నేను వెళ్లి పిల్ల ఏం నేర్చుకుందో చూసి కార్డు మీద టిక్కు పెట్టాలి. బాగా చెబితే పచ్చ టిక్కు, వెనకబడితే ఎర్ర టిక్కు. బొమ్మల్లో రైలు ఉండేది, ఆపిల్ పండు ఉండేది. ఆ గూడెంలో పిల్లలు రెండూ చూసి ఎరుగరు. అది అప్పుడు నాకు తట్టలేదు.

నేను ఎంపిక చేసిన ఇళ్లలో ఒకటి రోడ్డుకు దగ్గరగా ఉండేది. ఇల్లు అలికి ముగ్గేసి శుభ్రంగా ఉండేది. పిల్ల తల్లి ఏడో తరగతి దాకా ఆశ్రమ పాఠశాలలో చదువుకుంది. తండ్రి సారపాక కాగితం మిల్లులో కాంట్రాక్టు కూలీ, వారానికోసారి ఇంటికి వచ్చేవాడు. తల్లి పగలంతా కూలికి, ఎండాకాలం బీడీలు చుట్టే తునికాకు కోయడానికి పోయేది. పిల్లను చూసుకునేది నాయనమ్మ. ఆమెకు తెలుగు రాదు. రా, తిను, వద్దు, పండుకో, ఇంతే.

నిజం చెప్పాలంటే ఆ ఇంట్లో బడి మేం సంచీ ఇవ్వకముందే నడుస్తోంది. నాయనమ్మ ఇప్పపూలు ఆరబోస్తుంటే పిల్ల పక్కన కూర్చుని పుల్లలూ ఆకులూ ఏరి వేరే కుప్ప పెట్టేది. చింతగింజల్లో పెద్దవి ఒకవైపు, చిన్నవి ఒకవైపు. సొరకాయ బుర్రతో నీళ్లు తెస్తే తొణక్కుండా పట్టుకోవడం. ఏ పిట్ట అరిచినా దాని పేరు చెప్పడం. ముసలామె ఆపకుండా మాట్లాడుతూ ఉండేది, పిల్ల ఆపకుండా తిరిగి అడుగుతూ ఉండేది. నేను ఇవన్నీ చూశాను. చూసి కూడా, మా సంచీలోని దిమ్మెలను ఎన్ని నిమిషాలు వాడారో అడిగి రాసుకునేవాణ్ణి.

ఆ గూడేనికి కిలోమీటరున్నర దూరంలో అంగన్‌వాడీ సెంటరు ఉంది. దాని టీచరు కూడా కోయ అమ్మాయే. నాతోపాటు ఇళ్లకు వచ్చేది. నాకంటే పదిహేనేళ్లు చిన్నది. తక్కువ మాట్లాడేది. నేను చెప్పింది తల్లులకు వాళ్ల భాషలో చెప్పడం ఆమె పని. వాళ్లు చెప్పింది నాకు చెప్పడం కూడా ఆమె పనేనని నేనెప్పుడూ అనుకోలేదు.

మార్చి నెలలో జిల్లా నుంచి ఒక పెద్ద అధికారి ఇంటిబడి చూడటానికి వస్తున్నారని కబురు వచ్చింది. నేను ఆ ఇంటినే చూపిద్దామనుకున్నాను. ముందు రోజు వెళ్లి కార్డులన్నీ పిల్లచేత రెండుసార్లు చెప్పించాను. గొడుగు అంది, పువ్వు అంది, ఆవు అంది. ముద్దుగా చెప్పింది. తల్లి మొహం వెలిగిపోయింది. నా మొహం కూడా వెలిగే ఉంటుంది.

మర్నాడు పొద్దున్నే ఆ ఇంటి పందిరి కింద కుర్చీలు వేశారు. జీపు వచ్చింది. అధికారి, ఇద్దరు సూపర్‌వైజర్లు, నాతో పనిచేసే మరో ఎమ్మార్పీ, చుట్టుపక్కల టీచర్లు, గూడెం జనం. పిల్ల ఏమీ బెదరలేదు. దిమ్మెలు పేర్చింది, పూసలు గుచ్చింది. కార్డులు చూపిస్తే టకటకా చెప్పింది. అధికారి సంతోషపడి, ఈ కార్డులు బట్టీ పట్టించినట్టున్నారు, ఇంట్లో వస్తువులు ఏవైనా చూపించి అడగండి అన్నారు. మర్యాదగానే అన్నారు గానీ నాకు కాస్త ఉక్రోషం వచ్చింది. అధికారి తాగడానికి తల్లి తెచ్చి పెట్టిన చెంబు అక్కడే ఉంది. అది తీసి పిల్ల ముందు వంచి పట్టుకుని, ఇదేంటమ్మా అని అడిగాను. చెంబు అన్నా సరే, నీళ్లు అన్నా సరే అనుకున్నాను.

పిల్ల లోపలికి తొంగి చూసింది. చాలా ధీమాగా, "ఏరు" అంది.

నేను వైరా ఏటి పక్కన పుట్టి పెరిగినవాణ్ణి. నాకు ఏరంటే ఏరే. ఇసుక, ఒడ్డు, ఈత. అధికారి వైపు తిరిగి, "చెంబులో ఏరు పారుతోంది సార్" అన్నాను. ఆయన గట్టిగా నవ్వారు. ఆయన నవ్వాక అందరూ నవ్వారు. అందరూ నవ్వుతున్నారు కదా అని పిల్ల కూడా నవ్వింది. మళ్లీ మేం వినలేదేమో అనుకుని, వేలు చెంబులో ముంచి, తడివేలు నాకు చూపించి, గొంతు పెంచి, "ఏరు" అంది. మరోసారి నవ్వులు. అప్పుడు ఆ పిల్ల వెనక్కి తిరిగి నాయనమ్మ మొహం చూసింది. ముసలామె నవ్వడం లేదు. పిల్ల మొహంలోంచి నవ్వు పోయింది. వెళ్లి ఆమె కొంగులో తల దూర్చింది. ఆ తర్వాత ఎంత పిలిచినా రాలేదు.

అంగన్‌వాడీ టీచరు నా పక్కకు వచ్చి, "సార్, అదేందంటే…" అంది. తర్వాత చెప్పమ్మా అన్నాను.

అధికారి లేస్తూ, ఇంటి భాష కొంచెం అడ్డం పడుతున్నట్టుంది చూడండి అని యథాలాపంగా అని జీపెక్కారు. జీపు మలుపు తిరిగాక అంగన్‌వాడీ టీచరు మళ్లీ వచ్చింది.

"సార్, మా భాషల ఏరు అంటే నీళ్లే సార్. పోరి కరెక్టే చెప్పింది."

ఆ నిమిషం నాకు బాగా గుర్తుంది. పదకొండేళ్లు వాళ్ల ఇళ్లల్లో కూర్చుని నీళ్లడిగి తాగినవాణ్ణి. నేను తెలుగులో అడిగేవాణ్ణి, వాళ్లు తెచ్చి ఇచ్చేవాళ్లు. వాళ్లు దాన్ని ఏమంటారో ఒక్కరోజు కూడా అడగలేదు. అక్కడే ఆ పిల్ల దగ్గరికి వెళ్లి, నువ్వు చెప్పిందే సరి అనాల్సింది. అది అనడానికి అర నిమిషం పట్టదు. కానీ అంగన్‌వాడీ టీచరు అలా చెప్పినందుకు నాకు ఆమె మీద కోపం వచ్చింది. సిగ్గుపడాల్సిన చోట పెత్తనం చూపించాను.

"అదే కదమ్మా సమస్య. రేపు బడిలో టీచరు అడిగితే కూడా ఇట్లాగే చెబుతుందా?" అన్నాను.

నేను పిల్ల తల్లిని పిలిచాను. ఈ పిల్ల తెలివైనది, రెండు భాషలు కలిపితే తికమక పడి వెనకబడిపోతుంది, ఇవాళ్టి నుంచి ఇంట్లో అందరూ దీంతో తెలుగే మాట్లాడాలి అని చెప్పాను. మీ అత్తకు తెలుగు రాదు కాబట్టి ఆమె పిల్లతో అసలు మాట్లాడకపోవడమే మేలు, చూసుకోమను, తినిపించమను, మాటలు మాత్రం నువ్వే నేర్పించు అన్నాను. ఒక పుస్తకంలో చదివిన సంగతిలాగా చెప్పాను. నేను ఏ పుస్తకంలోనూ అది చదవలేదు.

ఆమె ఎదురు చెబుతుందేమో అని కూడా నేను అనుకోలేదు. ఆమె చెప్పలేదు.

"హాస్టల్ల మా భాష మాట్లాడితే మమ్ముల గుంజీలు తీపిచ్చేటోళ్లు సార్. నా బిడ్డకు ఆ బాధ వద్దు. మీరు చెప్పినట్టే చేస్తం," అంది.

ఆ గూడేల్లో సారు చెప్పాడంటే అది మాట కాదు, ఉత్తర్వు. మేం ఒక మాట అనేసి బండెక్కి మరో ఊరికి పోతాం. వాళ్లు ఆ మాటను పట్టుకుని నెలల తరబడి ఇంట్లో అమలు చేస్తారు. ఈ సంగతి నాకు తెలియనిది కాదు. తెలిసి కూడా దాన్ని నా పలుకుబడి అనుకుని మురిసిపోయేవాణ్ణి. ఆ సాయంత్రం పిల్ల కార్డు తీసి, పదాలు అన్న గడిలో ఎర్ర టిక్కు పెట్టాను.

పదిహేను రోజులకు వెళ్తే పిల్ల కార్డులు చూసి ఒకటి రెండు చెప్పింది. నెలకు వెళ్తే ఒక్కటీ చెప్పలేదు. సిగ్గు అనుకున్నాను. తల్లికి తునికాకు పని మొదలైంది. తెల్లారకముందే అడవికి పోయి, ఎండ ముదిరాక వచ్చి, మధ్యాహ్నమంతా కట్టలు కట్టుకుంటూ కూర్చునేది. పిల్లతో తెలుగు మాట్లాడేందుకు ఆమెకు ఓపికెక్కడిది? నాయనమ్మ పక్కనే కూర్చుని ఉండేది. పిల్ల ఏదైనా తెచ్చి చూపించి అడిగితే ముసలామె నోరు తెరిచి, మళ్లీ మూసుకుని, చెయ్యి అడ్డంగా ఊపేది. నా కళ్లతో నేను చూశాను అది. ఆ ఇంట్లో బడి నాలుగు మాటలకు దిగిపోయింది. రా, తిను, వద్దు, పండుకో.

వానలు మొదలయ్యేసరికి పిల్ల పూర్తిగా నోరు మూసేసింది. ఏడిస్తే కూడా చప్పుడు లేకుండా ఏడ్చేది. ఇప్పపూలు ఏరిన చేతులే, గింజలు ముందు పోస్తే ముట్టుకునేది కాదు. గడప మీద కూర్చుని రోడ్డు చూసేది. నేను తల్లిని కసిరాను కూడా. ముసలామె చాటుగా మీ భాష మాట్లాడుతూనే ఉన్నట్టుంది, అందుకే ఈ తికమక అన్నాను. తల్లి ఒట్టు వేసింది. లేదు సార్, మూడు నెలలైంది, మా అత్త దాని పేరు పిలుసుడు గూడ బంద్ చేసింది అంది. నాకు అప్పుడైనా బుర్ర తిరగలేదు. పిల్లకు చెవుల్లో ఏదో లోపం ఉందని తేల్చేశాను. భద్రాచలం దవాఖానాలో చూపిద్దాం, నేనే తీసుకెళ్తాను అన్నాను. మా తోటి ఎమ్మార్పీతో ఆ సంగతి గొప్పగా చెప్పుకున్నాను. ఆయన, పెద్ద మనసండీ మీది అన్నాడు.

తల్లి, నాయనమ్మ, పిల్ల, నేను పొద్దున్న బస్సుకు వెళ్లాం. చాలాసేపు కూర్చున్నాక లోపలికి పిలిచారు. డాక్టరు నడివయసు మనిషి. పిల్లను బల్ల మీద కూర్చోబెట్టి, వెనక్కి వెళ్లి ఒక స్టీలు ట్రే మీద చెంచా వేశాడు. పిల్ల గభాలున తిరిగి చూసింది. ఇంకా మెల్లిగా కాగితం నలిపాడు. దానికీ తిరిగింది.

"చెవులు మంచిగున్నయ్. ఎప్పటిసంది మాట్లాడుతలేదు?" అన్నాడు.

ఎండాకాలం సంది అంది తల్లి. అంతకుముందు మాట్లాడేదా అంటే, మస్తు మాట్లాడేది సార్, నోరు మూసేది కాదు అంది.

"పగలంతా పోరి దగ్గర ఎవలుంటరు?"

"మా అత్త."

"ఆమె దీంతోటి ఏం మాట్లాడ్తది?"

"ఏం మాట్లాడది సార్."

"ఏం మాట్లాడదా? ఎందుకు?"

తల్లి నా వైపు చూసింది, వెంటనే కళ్లు దించుకుంది. నా మీద ఫిర్యాదు చేసినట్టవుతుందని ఆమె భయం. అప్పుడు గోడకు ఆనుకుని నిలబడ్డ నాయనమ్మ వాళ్ల భాషలో నాలుగు మాటలు అంది. గట్టిగా కూడా కాదు. ఏమంటుందని డాక్టరు అడిగాడు. ఏం లేదు సార్ అంది తల్లి. ఆయన మళ్లీ అడిగాడు.

"దానికి మాటలిచ్చేదాన్ని నేనేనాయె, నన్ను బంద్ పెట్టిన్రు అంటుంది సార్."

"ఎవలు బంద్ పెట్టిన్రు?"

"మా సారు మంచికే చెప్పిండు సార్," అంది తల్లి.

నేను గది మధ్యలో నిలబడి ఉన్నాను. చేతిలో పిల్ల కార్డు ఉంది. డాక్టరుకు చూపిద్దామని ఎర్ర టిక్కులు పైకి కనబడేలా పట్టుకుని తెచ్చాను. దాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాను. ఆ ఒక్క మాట, మంచికే చెప్పిండు అన్నది, ఆమె నన్ను కాపాడటానికి అంది. తిట్టి ఉంటే తేలిగ్గా ఉండేది.

డాక్టరు నన్ను మీరు టీచరా అని అడిగాడు. అవునండి అన్నాను. ఆయన ఇంకేమీ విచారించలేదు. చీటీ మీద మందు కూడా రాయలేదు. ఇంటికి పోయి ఆ పెద్దామెను పోరితోటి మాట్లాడుమనుండ్రి, మాట్లాడుతనే ఉండుమనుండ్రి, వస్తయ్ మాటలు, జర టైం పడ్తది అన్నాడు. తర్వాతి వాళ్లను పిలిచాడు.

తిరిగి వచ్చేటప్పుడు సారపాకలో పిల్ల తండ్రి బస్సెక్కాడు. ఆ రోజు అతనికి సెలవు. పెళ్లాం పక్కన నిలబడి సంగతంతా విన్నాడు. తర్వాత నా సీటు దగ్గరకు వచ్చి రాడ్ పట్టుకుని నిలబడ్డాడు. కోప్పడతాడని ఎదురుచూశాను. అతను గొంతు పెంచలేదు.

"వారానికొక్కనాడు వస్త సార్ ఇంటికి. వచ్చిన్నాడు దాన్ని జోకొట్టి పండుకోబెట్టేటోణ్ణి. తెలుగుల నాకు ఒక్క జోలపాట గూడ రాదు. ఊకనే ఒళ్లె పెట్టుకోని కూసుంటున్న."

పొరపాటైపోయింది అని కూడా నేను అనలేదు. అతను ముందుకు వెళ్లి పిల్లను ఎత్తుకున్నాడు.

గూడెంలో దిగాక వాళ్ల ఇంటి దాకా వెళ్లాను. నాయనమ్మ ముందు నిలబడి, పిల్ల తల్లిని తెలుగు నుంచి కోయలోకి చెప్పమని, అవ్వా తప్పు నాది, ఇవాళ్టి నుంచి నువ్వు దాంతో నీ ఇష్టం వచ్చినట్టు మాట్లాడు అన్నాను. ఆమె నన్ను కింది నుంచి పైదాకా చూసింది. ఏదో అడిగింది. కోడలు చెప్పడానికి మొహమాటపడింది, చివరికి చెప్పింది.

"రేపు ఇంకో సార్ వచ్చి మళ్ల వద్దంటే ఏం జెయ్యాలె అంటుంది సార్."

ముసలామె మళ్లీ అంది. నవ్వినవాళ్ల ముందు చెప్పమంది. ఇక్కడ ఇంట్లో చెప్పుడు కాదు, ఆనాడు నవ్వినోళ్లందరి ముందల చెప్పు, అప్పుడు మాట్లాడుత అంది.

నాకు నిద్రపట్టని వారం అది. పెద్ద విషయం కాదని మనసు చెబుతూనే ఉంది. ముసలామె ఎలాగూ మాట్లాడుతుందిలే, మనవరాలిని ఎన్నాళ్లు అలా వదిలేస్తుంది అని. ఆ ఆలోచన వచ్చిందని ఒప్పుకోవాలి. కానీ ఆమె పట్టు ఎందుకో నాకు అర్థమవుతూనే ఉంది. పదిమందిలో తీసేసిన మాటను గది మూల తిరిగి ఇస్తే అది చెల్లదు. ఆ నెల మీటింగు మండల కేంద్రంలో కాకుండా ఆ గూడెంలో పెడదామని అడిగాను. అధికారి అప్పటికే బదిలీ అయి వెళ్లిపోయారు. ఆయనకు జరిగిందంతా ఉత్తరం రాశాను. బదులు రాలేదు.

అదే పందిరి. అవే కుర్చీలు. ఆ రోజు నవ్వినవాళ్లలో అధికారి తప్ప దాదాపు అందరూ వచ్చారు. నేను లేచి నిలబడి మొత్తం చెప్పాను. పిల్ల సరిగ్గా చెప్పిందని, నాకు తెలియక నవ్వానని, తెలిశాక కూడా నాయనమ్మ నోరు మూయించానని, పిల్ల మాట పోవడానికి కారణం నేనని. అంగన్‌వాడీ టీచరు పక్కన నిలబడి ఒక్కో వాక్యం కోయలో చెప్పింది. మధ్యలో మా తోటి ఎమ్మార్పీ ఊరుకోలేక, ఏందండీ, పెద్ద నేరం చేసినట్టు మాట్లాడుతున్నరు, మనమంతా గట్లనే చెప్పినం గద అన్నాడు. నన్ను ఆదుకుందామనే అన్నాడు. ఆ మాట విని చాలామంది తలలు వంచుకున్నారు. నిజమే, ఎన్ని ఇళ్లలో ఆ మాట చెప్పామో ఎవరికి తెలుసు?

నేను కూర్చోబోతుంటే ముసలామె చెయ్యెత్తింది. టీచరమ్మ చెప్పింది నేను విన్న, నువ్వు చెప్పింది నాకు తెలువదు, నువ్వే మా మాటల చెప్పు అందట. టీచరు చిన్న చిన్న ముక్కలు చేసి అందించింది. నేను ఒక్కో ముక్కా పలికాను. ఎక్కడ దీర్ఘం తీయాలో తెలియదు, ఎక్కడ ఆపాలో తెలియదు. గూడెం జనం పగలబడి నవ్వారు. ఆడవాళ్లు కొంగులు అడ్డం పెట్టుకున్నారు. ముసలామె కూడా నవ్వింది. నాయనమ్మ వీపు వెనక నుంచి పిల్ల నన్నే చూస్తోంది. ఆ పిల్ల ఒక్కతే నవ్వలేదు.

మీటింగు అయ్యాక అంగన్‌వాడీ టీచరుకు క్షమించమని చెప్పాను. ఆమె పుస్తకాలు సర్దుకుంటూ, "గా రోజే నన్ను చెప్పనిస్తే అయిపోవు గద సార్," అంది.

తర్వాత ఆమె, నేను కలిసి కార్డులు మార్చాం. రైలు, ఆపిల్ తీసేసి ఇప్పపువ్వు, సొరకాయ బుర్ర, తునికాకు కట్ట, గంప బొమ్మలు వేయించాం. కింద ముందు కోయ మాట, తర్వాత తెలుగు మాట. మాటలన్నీ ఆమె చెప్పినవే. బొమ్మల వరస కూడా ఆమె, ఆ ముసలామె కూర్చుని పెట్టిందే. నేను చేసిందల్లా జెరాక్స్ తీయించడం. అయినా మొదటి ప్రతి మీద రూపకల్పన అని రాసి కింద నా పేరు పెట్టుకున్నాను. చేతులు అలవాటుగా ఆ పని చేసేశాయి. షాపులోనే చూసుకుని, తెల్ల కాగితం అంటించి, ఆమె పేరు రాశాను. నవ్వుకోవలసిన విషయమే గానీ, మనిషి ఎంత నెమ్మదిగా మారతాడో చెప్పడానికి రాస్తున్నాను. ఆమెనే శిక్షణ ఇవ్వమని మీటింగుల్లో నిలబెట్టి నేను వెనక బెంచీలో కూర్చోవడం మొదలుపెట్టాను. ఆదివారాలు ఆమె దగ్గరే భాష నేర్చుకున్నాను. బాగా రాలేదు. అర్థం చేసుకునేంత వచ్చింది.

పిల్ల సంగతి చెప్పాలి. వరి కోతలనాటికి మాట వచ్చింది. నాయనమ్మ దగ్గర మొదలైంది, తర్వాత తల్లి దగ్గర, తర్వాత ఇరుగుపొరుగు పిల్లల దగ్గర. తండ్రి వచ్చిన రోజున తిరిగి పాట మొదలైందని టీచరు చెప్పింది. వినాలని నాకు ప్రాణం కొట్టుకుంది. వెళ్లాను. పిల్ల గడపలో కూర్చుని ఉంది. నన్ను చూసి లోపలికి పోయింది. మళ్లీ వెళ్లాను, మళ్లీ అంతే. మూడోసారి, నాకు వచ్చిన కొద్ది కోయ మాటల్లోనే పలకరించాను. గట్టిగా పెదాలు బిగించి నాయనమ్మ కొంగు పట్టుకుంది.

మూడోసారి తర్వాత టీచరు మొహమాటపడుతూ, "మీరు పోయినంక గూడ పొద్దుగూకే దాక మాట్లాడ్తలేదు సార్. మీ బండి సప్పుడు వినవడితే సాలు, నోరు మూస్తది," అంది.

ఆ పిల్ల మాట కోసం నేను చేయగలిగింది అక్కడ లేకపోవడమేనని అర్థమైంది. ఆ ఇంటి కార్డు టీచరుకు ఇచ్చేశాను. ఎర్ర టిక్కులు కొట్టేసి, పక్కన పరీక్షించినవాడి పొరపాటు అని రాసి సంతకం చేసి మరీ ఇచ్చాను. కానీ మిగతా ఇళ్లకు, ఆ పై గూడేలకు వెళ్లాలంటే ఆ ఇంటి ముందు నుంచే దారి. అందుకని గూడెం మొదట్లో ఉన్న కల్వర్టు దగ్గర బండి ఇంజను ఆపేసేవాణ్ణి. దిగి, ఆ ఇల్లు దాటి మలుపు తిరిగే దాకా నెట్టుకుంటూ వెళ్లేవాణ్ణి. వచ్చేటప్పుడూ అంతే. వానాకాలం బురదలో చెమటలు పట్టేవి.

మూడేళ్ల తర్వాత నాకు బదిలీ అయ్యేదాకా అలాగే చేశాను. దారిలో ఎవరైనా ఎదురై, ఏంది సార్, పెట్రోలు అయిపోయిందా అని అడిగేవాళ్లు. అవునని చెప్పి నెట్టుకుంటూ పోయేవాణ్ణి. పందిరి పక్క నుంచి వెళ్తుంటే లోపల ముసలామె ఏదో అడగడం, సన్నటి గొంతు ఒకటి ఆపకుండా జవాబులు చెప్పడం వినబడేది. నాకు పదింట్లో నాలుగు మాటలు తెలిసేవి. నిలబడి వినకుండా, చక్రం చప్పుడు కాకుండా, ముందుకు వెళ్లిపోయేవాణ్ణి.